కొట్టివేతల్లేని రాత మీద మోజు: మొదటి చిత్తుప్రతి మనకెందుకు కొరుకుడు పడదు

రాయాలని ఉంది, కూర్చుంటే మాత్రం రావట్లేదు అనేవాళ్లు మన చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్లకి చెప్పడం రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. రావులపాలెం బస్టాండులో బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, 1996 నవంబరు తుపాను గురించి పక్కవాళ్లని కదలనివ్వకుండా చెబుతారు. ఎవరి కొబ్బరిచెట్టు ఎటు పడింది, ఎవరింటి రేకులు ఎవరి పెరట్లో తేలాయి, ఎక్కడ గొంతు తగ్గించాలి, ఎక్కడ ఆపాలి, అన్నీ తెలుసు. అదే సంగతి ఓ రెండు పేజీలు రాసిమ్మంటే మాత్రం తడబాటు మొదలవుతుంది. ఒక వాక్యం రాస్తారు, బాలేదని కొట్టేస్తారు, ఇంకోటి రాస్తారు, అదీ కొట్టేస్తారు. చివరికి "మనవల్ల కాదండీ" అని లేచిపోతారు.

భాష రాక కాదు, సరుకు లేకా కాదు. రెండు పనుల్ని ఒక్కసారే చేయబోతున్నారు, చిక్కంతా అక్కడ ఉంది. మనసులో ఉన్నదాన్ని బయటికి లాగడం ఒక పని. లాగినదాన్ని నలుగురి ముందు పెట్టేలా దిద్దడం ఇంకో పని. మొదటిది చిత్తు, రెండోది సాపు. చిన్నప్పుడు రఫ్ నోటుబుక్కు, ఫెయిర్ నోటుబుక్కు అని ఈ తేడా అందరం చూసిందే. కాకపోతే రఫ్‌లో మనం చేసినవి లెక్కలు. తెలుగు వ్యాసాన్ని ఎవరైనా రఫ్‌లో రాయమన్నారా? ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు, మూడూ నేరుగా ఫెయిర్‌లోకే. పరీక్షలో అయితే మరీను. కొట్టివేతలుంటే మార్కులు పోతాయన్నారు. ఉన్న అరగంటలో ఆలోచించడం, రాయడం, దిద్దడం మూడూ జరిగిపోవాలి, పైగా అవి జరిగినట్టు కాగితం మీద ఆనవాలు ఉండకూడదు. పదేళ్లు అలా అలవాటైన చెయ్యి, ముప్పై ఏళ్లొచ్చాక ఒక్కసారిగా చిత్తు రాయమంటే రాస్తుందా?

తప్పంతా బడి మీదకి నెట్టడం కూడా అన్యాయమే. అంతకుముందు నుంచే మన దగ్గర కొట్టివేత లేని రాతంటే ఓ మోజు ఉంది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలు భద్రపరిచారు. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాన్ని చెరపడం కుదరదు. గీశాక మసి పూస్తేనే అక్షరం కళ్లకి ఆనుతుంది. తప్పు గీస్తే ఆ తప్పూ అంతే నల్లగా కనపడుతుంది. అందుకని ఆకు దగ్గరికి వచ్చేసరికే పద్యం నోట్లో తయారై ఉండాలి. రాయడమంటే తయారైనదాన్ని ఎక్కించడమే. తర్వాత కాగితం చవకైంది, ఆ తర్వాత ఫోన్ వచ్చింది, చెరపడం వేలికొసలోకి వచ్చేసింది. రాత మీద మనకున్న మర్యాద మాత్రం తాటాకు దగ్గరే ఉండిపోయింది.

దానికి తోడు అవధానం. ఈ గోదావరి డెల్టా గడ్డ మీద అవధానానికి ఉన్న గౌరవం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లో కడియంలో పుట్టారు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారిది 1872లో యండగండి. ఒకరు గోదారికి అటు, ఒకరు ఇటు. సభలో కూర్చుని, కాగితం ముట్టకుండా, అడిగిన ఛందస్సులో అడిగిన పద్యం చెప్పే మనుషుల్ని తరాల తరబడి చూసిన ఊళ్లు ఇవి. ప్రతిభ ఉంటే ధారగా వచ్చెయ్యాలి, తడుముకున్నాడంటే సరుకు లేనట్టే అనే లెక్క అలా మన బుర్రల్లో స్థిరపడిపోయింది.

కానీ అవధానాన్ని కాస్త దగ్గరగా చూస్తే లెక్క మారుతుంది. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకుడికి (ప్రశ్న అడిగేవాడికి) నాలుగు పాదాలూ గుక్కతిప్పుకోకుండా చెప్పెయ్యడు. ఒక ఆవృత్తానికి, అంటే పృచ్ఛకులందరినీ ఒకసారి చుట్టి రావడానికి, ఒక పాదం. సమస్య (పూరించాల్సిన పాదం) ఇచ్చినాయనకి ఓ పాదం చెప్పి, దత్తపది (పద్యంలో వాడి తీరాల్సిన మాటలు) ఇచ్చినాయన వైపు తిరుగుతాడు, అక్కణ్నుంచి వర్ణన, ఆపైన మిగతావాళ్లు. మళ్లీ మొదటాయన దగ్గరికి వచ్చేసరికి ఎంతో కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో బుర్ర వెనక అరలో రెండో పాదం తయారవుతూనే ఉంటుంది. అంటే చిత్తు లేదని కాదు. చిత్తు మనకి కనపడదు, అంతే. పైగా ఆయనకి ఛందస్సు తోడుంది. గణాలు ఎక్కడ పడాలో తెలుసు, యతి ఎక్కడ కలవాలో తెలుసు, ప్రాసాక్షరం మొదటి పాదంలోనే ఖాయమైపోయింది. పద్యం బుర్రలో చెదిరిపోకుండా ఆ చట్రం పట్టుకుని ఉంటుంది. అందుకే సభ చివర్లో పద్యాలన్నీ వరసపెట్టి ధారణ చెయ్యగలుగుతాడు, అంటే గుర్తు నుంచి అప్పజెప్పగలుగుతాడు.

వచనానికి అలాంటి చట్రమేదీ లేదు. ఎనిమిది పేరాల వ్యాసాన్ని బుర్రలో పెట్టుకుని, మూడో పేరా దిద్దుతూ, ఆరో పేరాలో ఏం రావాలో గుర్తుంచుకోవడం మహామహులకి కూడా కష్టమే. మనసు ఒకేసారి పట్టుకోగలిగే విషయాలు చాలా కొద్ది. వాక్యం పొందిక చూస్తుంటే చెప్పాల్సిన సంగతి జారిపోతుంది. సంగతిని పట్టుకుంటే వాక్యం వంకర పోతుంది. పద్యానికి ఛందస్సు చేసిపెట్టే ఈ పనిని వచనానికి చేసిపెట్టేది చిత్తుప్రతే. ఆలోచనల్ని ఒకచోట కట్టిపడేస్తుంది, తర్వాత తీరిగ్గా వాటి సంగతి చూసుకోవచ్చు. అది బాగుందా లేదా అనే ప్రశ్న ఆ దశలో అడగాల్సినది కాదు. విషయం కాగితం మీద ఉందా లేదా, అంతే.

దీని మీద అమెరికాలో మంచి పరిశోధన జరిగింది. లిండా ఫ్లవర్, జాన్ హేస్ అనే ఇద్దరు, రాస్తున్నవాళ్లని మనసులో నడుస్తున్నదంతా పైకి చెబుతూ రాయమన్నారు. ఆ మాటల్ని రికార్డు చేసి విశ్లేషించి, 1981లో తమ సిద్ధాంతం ప్రచురించారు. ముందు ప్లాను, తర్వాత రాత, ఆ తర్వాత దిద్దుబాటు అని మెట్లు మెట్లుగా చెప్పుకునే పాఠం అసలు మనుషులు రాసే తీరుకి సరిపోదని అందులో తేల్చారు. ఈ మూడూ ఒకదానిలోకి ఒకటి చొరబడుతూనే ఉంటాయి. రాస్తూ రాస్తూ ఉండగా, రాయాలనుకున్నదే మారిపోతుంది కూడా.

ఇక్కడో చిక్కుంది. దిద్దడం ఎలాగూ మధ్యలో దూరిపోతూ ఉంటే, ముందు చిత్తు తర్వాత సాపు అని విడగొట్టమనడంలో అర్థం ఏముంది? నాకు తోచిన సమాధానం ఇది: దాన్ని పూర్తిగా ఆపలేం, ఆపక్కర్లేదు కూడా. చూస్తూ చూస్తూ ఓ మాట మార్చుకుంటే కొంపలేం మునగవు. అయితే దానికి ముందుకు కదలనివ్వని అధికారం ఇవ్వకూడదు. 1980లో మైక్ రోజ్ అనే ఆయన పదిమంది కాలేజీ విద్యార్థుల్ని దగ్గరగా పరిశీలించాడు. వాళ్లలో ఐదుగురు రాయలేక ఇరుక్కుపోయేవాళ్లు. ఇరుక్కున్నవాళ్లకి తెలివి తక్కువేమీ కాదు. వాళ్ల దగ్గర ఉన్నవి రాయిలాంటి నియమాలు. వాళ్లలో ఒకమ్మాయి నియమం, ప్రతి వాక్యం మొదటిసారే వ్యాకరణం ప్రకారం సరిగ్గా పడాలని. ఒక వాక్యం తేలేదాకా రెండోది రాసేది కాదు.

ఆ అమ్మాయి చేసినదానికి మన దగ్గర పేరుంది: నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం వస్తుందో ఊహించి దాన్ని వాడొద్దంటాడు పృచ్ఛకుడు. అవధాని ఇంకో దారి వెతుక్కుంటాడు, ఆ దారికీ అడ్డం పడతాడు. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆ పృచ్ఛకుడు వేరే మనిషి, ఎదురుగా వేరే కుర్చీలో కూర్చుని ఉంటాడు. మనం చేసే పనేమిటంటే, రెండు కుర్చీల్లోనూ మనమే కూర్చుంటాం. ఒక మాట వేస్తాం, "ఇది పాతమాట" అని మనమే నిషేధిస్తాం. రెండోది వేస్తాం, "దీనికి ఫలానా ఆయన నవ్వుతాడు" అంటాం. అవధానికైనా నిషేధం ఎనిమిదింట్లో ఒక అంశమే. మనకి మొదటి పేరా మొత్తం అదే. (అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన, అంటే సంబంధం లేని మాటలతో అవధాని దృష్టి మళ్లించే ఆయన పనిని ఇప్పుడు ఎలాగూ ఫోన్ చూసుకుంటోంది.)

చెప్పుకుంటూ పోతే ఇది సలహాల చిట్టా అయిపోతుంది గానీ, ఒక చిత్తు ఎలా ఉంటుందో, దాన్నుంచి ఏం తీయొచ్చో చూద్దాం. గోదారి మధ్య దీవిలాంటి లంకలో పెరిగిన ఒకమ్మాయి వరద గురించి రాయడానికి కూర్చుంది అనుకోండి. చిత్తు ఇలా మొదలవుతుంది:

"గోదావరి తీర ప్రాంత ప్రజల జీవన విధానంలో వరదలు ఒక అంతర్భాగంగా ఉన్నాయి. ప్రతి సంవత్సరం జూలై, ఆగస్టు మాసాలలో వరదలు సంభవించడం వలన ప్రజలు అనేక ఇబ్బందులను ఎదుర్కొంటున్నారు. 1986లో చాలా పెద్ద వరద వచ్చింది (ఎన్ని లక్షల క్యూసెక్కులు? చూడాలి). కాటన్ దొర కట్టిన బ్యారేజీ దగ్గర నీళ్లు కొలుస్తారు (ఏ ఏడాది కట్టారు?). మాది లంక. రెండో హెచ్చరిక ఇచ్చారని తెలిస్తే మా నానమ్మ ముందు గేదె దగ్గరికి వెళ్తుంది. దాన్ని ఏటిగట్టు మీదకి తోలాకే మిగతా సామాను. మనుషులైతే పడవెక్కుతారు, గేదె ఎక్కదు కదా అంటుంది."

మొదటి రెండు వాక్యాలూ ఆ అమ్మాయివి కావు. ఎనిమిదో తరగతిలో రాసిన వ్యాసంలోంచి వాటంతటవే నడిచొచ్చాయి. వాటిని చూసి ఛీ అనుకుని అక్కడే ఆగిపోయి ఉంటే, గేదె కాగితం మీదకి వచ్చేదే కాదు. "మాది లంక" అన్న దగ్గర ఏదో ముడి విడింది, అక్కణ్నుంచి ఆమె సొంత గొంతు మొదలైంది. చిత్తుల్లో ఇది ఎంత తరచుగా జరుగుతుందంటే, ఎవరైనా రాసింది చూపిస్తే నేను ముందు మూడో పేరా తీసి చదువుతాను. ఆపైన ఉన్నది సాధారణంగా గొంతు సవరించుకోవడమే. సవరించుకోనివ్వండి. తీసెయ్యడానికి తర్వాత ఎంతైనా టైముంది.

బ్రాకెట్లు కూడా చూడండి. అంకె తెలియకపోతే ఆగి వెతకడం మొదలుపెట్టలేదు, బ్రాకెట్ పెట్టి ముందుకెళ్లింది. ఇది చిన్న కిటుకే అయినా దీనివల్ల మిగిలే సాయంత్రాలు ఎన్నో. వెతకడానికి ఫోన్ తీశామా, 1986 వరద ఫొటోలు, అక్కణ్నుంచి ఎవరిదో వీడియో, అక్కణ్నుంచి పులస ధర, ఇక వ్యాసం గోదాట్లో కలిసినట్టే. తర్వాత తీరిగ్గా చూసుకుంటే ఆ రెండు బ్రాకెట్లూ నిండుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వచ్చిన ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులు. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇది చూస్తున్నప్పుడే ఇంకో తప్పు బయటపడుతుంది. మనం ఇప్పుడు బస్సులో దాటేది కాటన్ కట్టిన ఆనకట్ట కాదు. గేట్లతో ఉన్న ఈ బ్యారేజీ ఆయన పేరుతో 1982లో పూర్తయినది. చిత్తులో ఈ తప్పు ఉన్నందుకు ఎవరూ ఉరెయ్యరు. సాపులో ఉంటే మాత్రం ఆత్రేయపురం నుంచి అంతర్వేది దాకా ఎవరో ఒకరు ఫోన్ చేసి మరీ చెబుతారు.

ఇక అసలు పని. దిద్దడం అనగానే చాలామంది "సంభవించడం" తీసి "రావడం" పెట్టడం, అచ్చుతప్పులు చూసుకోవడం అనుకుంటారు. 1980లోనే నాన్సీ సోమర్స్ అనే పరిశోధకురాలు విద్యార్థుల్నీ, చేయి తిరిగిన రచయితల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. విద్యార్థులకి దిద్దుబాటంటే మాట తీసి మాట పెట్టడం. అనుభవజ్ఞులు ముందు వెతికేది తమ వాదానికి ఆకారం ఎక్కడుందని. మాటల సంగతి వాళ్లకి తర్వాతది.

మన లంక అమ్మాయి చిత్తులో ఆ ఆకారం ఎక్కడుంది? రెండో హెచ్చరికకీ గేదెకీ మధ్య ఉంది. నానమ్మకి నీటిమట్టం అడుగుల్లో తెలియదు, హెచ్చరిక నంబరు వినగానే ఏ పని చెయ్యాలో మాత్రం తెలుసు. అయితే మొదటి హెచ్చరికకి ఏం చేస్తుంది? మూడోదానికి? ఈ ప్రశ్న చిత్తు రాయకముందు ఆమెకి తట్టనే లేదు, తట్టే వీలూ లేదు. ఇప్పుడు నానమ్మకి ఫోన్ చేసి అడగొచ్చు. "వరదలు - ప్రజల ఇబ్బందులు" అనుకున్న వ్యాసం కాస్తా, హెచ్చరిక అంకెలు ఒక ఇంట్లో పనులుగా ఎలా మారతాయి అనే వ్యాసం అయింది. రెండో ప్రతి ఇలా మొదలవ్వచ్చు:

"ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా నానమ్మకి ఈ అంకెలతో పనిలేదు. ఒకటికి పొయ్యిలోకి కట్టెలు అటకెక్కుతాయి. రెండుకి గేదె ఏటిగట్టెక్కుతుంది. మూడు అనేసరికి మా ఇంట్లో మనుషులుండరు."

ఇది మొదటిసారే ఎందుకు రాదు అని అడిగితే, వచ్చేవాళ్లకి వస్తుంది, వాళ్ల జోలికి మనం పోవద్దు. మిగతావాళ్లకి ఆ పాత బండ వాక్యాల మీదుగా నడవకుండా ఇక్కడికి దారి లేదు.

అన్ని రాతలకీ ఇదే సూత్రం అనుకోకండి. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరిని చూడండి. ఆయనా ముసాయిదా రాస్తాడు. కానీ ఆయనకి తూర్పు హద్దు ఫలానావారి భూమి, దక్షిణం పంటబోదె అని చట్రం ముందే ఉంది. అందులో ఆలోచన వెతుక్కునే పని లేదు, ఉన్నది పొల్లుపోకుండా దింపడమే. అక్కడ చిత్తే సాపంత ఖచ్చితంగా ఉండాలి. మండల విలేకరిదీ దాదాపు అంతే. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు అన్న వరస చేతికి అలవాటైపోయింది, డెడ్‌లైన్ నెత్తిమీద ఉంది. చట్రం సిద్ధంగా ఉన్నచోట చిత్తు చిన్నదవుతుంది. జ్ఞాపకం, వ్యాసం, కథ లాంటివాటికి చట్రాన్ని కూడా మనమే కట్టుకోవాలి కాబట్టి పెద్దదవుతుంది. దస్తావేజు రాసినట్టు జ్ఞాపకాలు రాయబోయినవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు. రిటైరైన ఉద్యోగులు ఆత్మకథ మొదలుపెట్టి పుట్టినతేదీ, తాతముత్తాతల పేర్ల దగ్గరే ఆగిపోవడం వెనక సంగతి ఇదేనని నా అనుమానం.

పదినిమిషాలు చెయ్యి ఆపకుండా, ఏం వస్తే అది రాసెయ్యమనే పద్ధతి ఒకటి పీటర్ ఎల్బో అనే అమెరికన్ అధ్యాపకుడు 1970లలో ప్రచారంలోకి తెచ్చాడు. పెన్ను పట్టేవాళ్లకి బాగానే పనిచేస్తుంది. ఫోన్‌లో తెలుగు టైపు చేసేవాళ్లకి మాత్రం వత్తు కోసం వేలు ఆగుతుంది, దీర్ఘం కోసం ఆగుతుంది, ధార అక్కడే తెగుతుంది. వాళ్లకి నోటితో చిత్తు చెప్పడం మేలు. వాయిస్ టైపింగ్ ఫుల్‌స్టాప్ పెట్టదు, మన ఊరి పేర్లని ఛిద్రం చేస్తుంది. అయినా ఫర్వాలేదు, చిత్తే కదా. ఇంకా నయం, తెలిసినవాళ్లకి వాయిస్ మెసేజ్ పంపుతున్నట్టు చెప్పడం. అత్తయ్యకో, బావకో చెబుతున్నామనుకుంటే "సంభవించడం" నోట్లోంచి రాదు. "ఏటిగట్టు తెగిపోద్దేమోనని ఒకటే టెన్షన్ అత్తయ్యా" అని వస్తుంది. బస్టాండులో అంత బాగా చెప్పిన మనిషి కాగితం మీద మూగబోవడానికి ఎదురుగా మనిషి లేకపోవడం కూడా ఓ కారణం. అయితే మాట్లాడిన చిత్తులో ఊకదంపుడు ఎక్కువ ఉంటుంది. చెప్పిందే మూడుసార్లు చెబుతాం. తర్వాత సగానికి సగం కోసెయ్యాలని ముందే ఒప్పుకుని మొదలుపెట్టాలి.

కంప్యూటర్‌ని అడిగితే చిత్తు అదే రాసిచ్చేస్తుంది కదా అంటున్నారు ఈమధ్య. అర్జీకి, ఆహ్వానపత్రికకి ఇబ్బందేం లేదు. మీ నానమ్మ గురించి అయితే అది మొదటి రెండు వాక్యాల్నే ఇంకాస్త నున్నగా రాసిస్తుంది. గేదె సంగతి దానికెలా తెలుస్తుంది? మీకే రాసేదాకా గుర్తు రాలేదాయె.

చిత్తు అయ్యాక ఎంతసేపు ఆగాలి అనేదానికి పుస్తకాల్లో రకరకాల లెక్కలున్నాయి. పండగ సంచికకి రేపటికల్లా కావాలని ఎవరైనా అడిగితే ఆ లెక్కలేవీ పనికిరావు. ఒక రాత్రి నిద్రపోయి లేవగలిగితే చాలు. పొద్దున్న దాన్ని తెర మీద కాకుండా ప్రింటు తీయించుకుని, పైకి చదవండి. నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ గీత పెట్టండి, అప్పుడే సరిచేయకండి. మొత్తం చదివాక, ఇందులో నాకు తప్ప ఇంకెవరికీ తెలియనిది ఎక్కడుందో చూసి దాని చుట్టూ సున్నా చుట్టండి. రెండో ప్రతి అక్కణ్నుంచి మొదలుపెట్టండి. తీసేసిన పేరాల్ని పారెయ్యకుండా వేరే ఫైల్లో దాచుకోండి. సగం వాటిని మళ్లీ చూడను కూడా చూడరు, కానీ దాచానన్న ధైర్యంతో కోతకి చెయ్యి వణకదు. చివరగా, ఆ మొదటి ఫైలుకి వ్యాసం పేరు పెట్టకండి. "చిత్తు 1" అని పెట్టండి, దాన్ని తెరిచినప్పుడల్లా అక్కడ ఏం చెయ్యాలో గుర్తుంటుంది.